సిస్టర్లందరూ ఒక్కటే కాదు: పేదల కోసం వెలసిన కథోలిక సభలు, గృహస్థ సంఘాలు

2025 అక్టోబరులో పోప్ లియో 14 తన మొదటి ప్రబోధ పత్రం ‘దిలెక్సి తే’ను విడుదల చేశారు. ‘నిన్ను ప్రేమించాను’ అని ఆ లాటిన్ మాటకు అర్థం. పోప్ ఫ్రాన్సిస్ మొదలుపెట్టి, కన్నుమూసేలోగా పూర్తి చేయలేకపోయిన రచన ఇది. మొత్తం పేదల గురించే. రోగులను సాకిన సభలు (కలిసి బతికే మఠవాసుల సమూహాలు), బందీలను విడిపించిన సభలు, బిచ్చమెత్తి బతికిన సభలు అందులో వరసగా కనిపిస్తాయి.

ఇలాంటి వార్త వచ్చిన ప్రతిసారీ చదివేవాళ్ళు పేర్ల దగ్గరే తడబడతారు. సన్యాసిని, సిస్టర్, నన్, మఠకన్య, మిషనరీ, బ్రదర్, ఫాదర్ అన్నీ ఒకే అర్థం ఉన్నట్టు వార్తల్లో దొర్లిపోతుంటాయి. ఫ్రాన్స్‌కు చెందిన విన్సెంట్ దె పాల్ అనే గురువు (ఫాదర్) మొదలుపెట్టిన సంప్రదాయంలో సిస్టర్లూ ఉన్నారు, ఫాదర్లూ ఉన్నారు, పెళ్ళయి పిల్లలున్న సభ్యులతో నడిచే సంఘమూ ఉంది. మూడూ ఒకటే అనుకునేవాళ్ళు చాలామంది. ‘చర్చి డబ్బు’ అనే మాటతోనూ ఇదే ఇబ్బంది. ఎక్కడో ఒకే ఖజానా ఉన్నట్టు వినిపిస్తుంది. అలాంటిదేమీ లేదు.

ఈ చిక్కు విడదీయడానికి నాకు బాగా పనికొచ్చిన దారి ఒకటుంది. ఏ సంఘం గురించి విన్నా మూడు సంగతులు అడగాలి. వీళ్ళు ఏమని మాట ఇచ్చారు? వీళ్ళ చేతికి వచ్చిన డబ్బు ఎవరిదవుతుంది? రాత్రి ఎక్కడ పడుకుంటారు? మూడోది చిన్న ప్రశ్నలా అనిపిస్తుంది గానీ, స్త్రీల విషయంలో కొన్ని వందల ఏళ్ళ పెనుగులాట దాని చుట్టూనే జరిగింది.

## మాటపట్టు ఎవరు ఇస్తారు, ఎవరు ఇవ్వరు

తెలుగు కథోలికుల వాడుకలో ‘మాటపట్టు’ అంటే దేవుని పేరిట, శ్రీసభ (కథోలిక చర్చి) సాక్షిగా, అందరి ముందూ చేసే ప్రమాణం. పేదరికం, బ్రహ్మచర్యం, విధేయత అని మూడుంటాయి. ఈ మూడూ చేసి, ఒక నియమావళి కింద కలిసి బతికేవాళ్ళ సమూహమే మఠ సభ. చేరిన రోజే ఎవరూ మాటపట్టు ఇచ్చేయరు. కనీసం 12 నెలల నోవిషియేట్, అంటే శిక్షణ కాలం, ఉంటుంది. ఆ తర్వాత గడువుతో కూడిన తాత్కాలిక మాటపట్టు. మామూలుగా మూడు నుంచి ఆరేళ్ళు, పొడిగిస్తే తొమ్మిదేళ్ళ దాకా. జీవితాంతం నిలిచే నిత్య మాటపట్టు అన్నిటికీ చివర. గడువు తీరినప్పుడు వద్దనుకుంటే నిరభ్యంతరంగా ఇంటికి వెళ్ళిపోవచ్చు.

ఇక్కడ ఒక పెద్ద అపోహ ఉంది. విచారణలో, అంటే ఒక ఊరి లేదా పేట చర్చిలో, దివ్యపూజ చేసే గురువులందరూ (ఫాదర్లు) మఠవాసులు కారు. మేత్రాసనానికి (బిషప్ పాలనలోని ప్రాంతానికి) చెందిన గురువు తన మేత్రాణులకు (బిషప్‌కు) విధేయంగా ఉంటానని వాగ్దానం చేస్తారు, లాటిన్ సంప్రదాయంలో పెళ్ళి కూడా చేసుకోరు. కానీ ఆయన పేదరికపు మాటపట్టు ఇవ్వరు. ఆయన పేరు మీద బ్యాంకు ఖాతా ఉండవచ్చు, తల్లిదండ్రుల ఆస్తిలో వాటా ఉండవచ్చు. అదే అస్సీసి ఫ్రాన్సిస్ స్థాపించిన ఫ్రాన్సిస్కన్ సభ గురువుకు అలా కుదరదు. మరోవైపు, మఠవాసి అయివుండి గురువు కానివాళ్ళు ఉన్నారు. వాళ్ళే బ్రదర్లు. ఆ మాటకొస్తే అస్సీసి ఫ్రాన్సిసే గురువు కాదు. గురుత్వం ఒక సంగతి, మఠ జీవితం ఇంకో సంగతి. రెండూ ఒకే మనిషిలో కలవొచ్చు, కలవకపోవచ్చు.

డబ్బు సంగతికి ఒక ఉదాహరణ చూద్దాం. ఆసుపత్రిలో నర్సుగా పనిచేసే ఒక సిస్టర్‌ను ఊహించుకోండి. నెల నెలా జీతం వస్తుంది. శ్రీసభ చట్టంలో 668వ నిబంధన ప్రకారం ఆమె కష్టపడి సంపాదించినదంతా ఆమె సభకే చెందుతుంది. పింఛను, బీమా సొమ్ము కూడా మామూలుగా అంతే. బదులుగా ఆమె తిండి, బట్ట, వైద్యం, ముసలితనం సభ చూసుకోవాలి. మరి తండ్రి పోయాక ఇంట్లో వాటా వస్తే? అప్పుడు ఆమె ఇచ్చింది ఎలాంటి మాటపట్టో చూడాలి. ఆర్డర్లు అని పిలిచే పాత సభల్లో ఇచ్చేది ఘనమైన మాటపట్టు. సొంత ఆస్తి అన్నదే పూర్తిగా వదులుకుంటారు, తర్వాత వచ్చిందీ తమది కాదు. కాంగ్రిగేషన్లు అనే తర్వాతి కాలపు సభల్లో ఇచ్చేది సాధారణ మాటపట్టు. ఆ ఇంటి మీద హక్కు ఆమెకు మిగలవచ్చు, కానీ దాని మీద పెత్తనం గానీ, అద్దె తెచ్చుకుని తన ఇష్టానికి ఖర్చు పెట్టుకునే స్వేచ్ఛ గానీ ఉండవు. మొదటి మాటపట్టుకు ముందే ఆ పెత్తనం ఇంకొకరికి అప్పగించాలి. నిత్య మాటపట్టులోగా వీలునామా కూడా రాసెయ్యాలి.

## ఏమీ లేని సభకు ఇల్లెవరిది

సన్యాసికి సొంత ఆస్తి లేకపోవడం ఫ్రాన్సిస్ కనిపెట్టిన సంగతి కాదు. బెనెడిక్టైన్ మఠాల్లో ఎవరికీ ‘నాది’ అనేది ఉండేది కాదు, కానీ మఠానికి పొలాలు, పిండిమరలు, అడవులు ఉండేవి. బట్టల వ్యాపారి కొడుకైన ఫ్రాన్సిస్ ఇంకో అడుగు వేశాడు. మనిషికే కాదు, సభకు కూడా ఏమీ ఉండకూడదన్నాడు. 1223లో పోప్ హొనోరియస్ 3 ఆమోదించిన నియమావళిలో సహోదరులు ఇల్లు గానీ, స్థలం గానీ, మరేదైనా గానీ తమదిగా చేసుకోకూడదని, డబ్బు పుచ్చుకోకూడదని ఉంది.

చేరినవాళ్ళు వేలల్లోకి వెళ్ళాక అసలు ఇబ్బంది మొదలైంది. చలికాలంలో ఎక్కడో ఒకచోట పడుకోవాలి. బోధించాలంటే పుస్తకాలు కావాలి. ఎవరో భక్తుడు ఇల్లిస్తాడు. అది ఎవరిది? 1230లో గ్రెగరీ 9 ఒక దారి చూపించారు. వాడుకోవడం వేరు, సొంతం కావడం వేరు, సహోదరులది వాడుక మాత్రమే అన్నారు. దాత హక్కు ఉంచుకోని ఆస్తులన్నీ పోప్ పీఠానివని 1245లో ఇన్నోసెంట్ 4 ప్రకటించారు. 1279లో నికొలస్ 3 ఈ ఏర్పాటును మరింత గట్టి చేశారు. తర్వాత జాన్ 22 వచ్చి మొత్తం తిరగదోడారు. తినేస్తే అయిపోయే వస్తువు మీద వాడుక ఒకరిది, సొంతం ఇంకొకరిది అనడంలో అర్థమేముందని అడిగి, 1322లో పోప్ పీఠం పేరిట ఉన్న ఆ హక్కును వదిలేసుకున్నారు. మరుసటి ఏడాది ఇంకా ముందుకు వెళ్ళి, క్రీస్తుకూ ఆయన శిష్యులకూ విడిగా గానీ ఉమ్మడిగా గానీ ఏమీ ఉండేది కాదని మొండిగా వాదించడం తప్పుడు బోధ అని తేల్చారు.

ఇదంతా లాయర్ల తగాదాలా కనిపిస్తుంది. నాకు మాత్రం ఇది చాలా నిజాయితీగల తగాదా అనిపిస్తుంది. పేదల కోసం పనిచేయాలంటే వంటగది, మంచాలు, మందులు కావాలి. అవన్నీ ఉన్న సంస్థ తనను పేదదని చెప్పుకోగలదా? ఫ్రాన్సిస్ వెంట నడిచిన క్లారా ఈ విషయంలో ఎంత గట్టిగా నిలబడిందంటే, ఉమ్మడి ఆస్తి కూడా వద్దనే తన నియమావళికి 1253 ఆగస్టు 9న పోప్ ఆమోదం వచ్చింది, రెండు రోజులకు ఆమె ప్రాణం విడిచింది.

## గోడ దాటిన స్త్రీలు

స్త్రీల కథ వేరు. 1563లో మేత్రాణులు కూడిన ట్రెంట్ మహాసభ, 1566లో పోప్ పయస్ 5 చెప్పిన దాని ప్రకారం మాటపట్టు ఇచ్చిన స్త్రీ మఠం గోడ దాటి బయటికి రాకూడదు. పేదరోగి మఠం లోపలికి రాలేడు, ఆమె బయటికి వెళ్ళలేదు. మాటపట్టూ పేదల ఇంటి గడపా రెండూ ఒక స్త్రీకి దక్కే వీలు లేదు.

మేరీ వార్డ్ అనే ఇంగ్లీషు స్త్రీ 1609లో తన తోటివాళ్ళతో ఒక సభ మొదలుపెట్టింది. జెస్యూట్లనే పురుషుల సభ లాగా, గోడలు లేకుండా, ఆడపిల్లలకు చదువు చెబుతూ తిరగాలని ఆమె కోరిక. దాచిపెట్టకుండా అడిగింది. 1631లో పోప్ అర్బన్ 8 ఆ సభను రద్దు చేశారు, ఆమెను కొన్ని వారాలు మ్యూనిక్‌లో ఒక మఠంలో బంధించారు. స్థాపకురాలిగా ఆమెకు గుర్తింపు 1909లో గానీ రాలేదు.

అదే కాలంలో ఫ్రాన్స్‌లో విన్సెంట్ దె పాల్ ఇంకో దారిన వెళ్ళారు. 1617లో షాతియోన్ అనే చిన్న ఊళ్ళో ఆయన విచారణ గురువు. ఒక ఆదివారం పూజకు తయారవుతుండగా, ఫలానా ఇంట్లో అందరూ జబ్బున పడ్డారు, చూసే దిక్కు లేదని కబురు వచ్చింది. ప్రసంగంలో ఆ సంగతి చెప్పారు. మధ్యాహ్నం ఆయన వెళ్ళేసరికి దారంతా జనం. అందరూ తిండి మోసుకెళ్తున్నారు, కొందరు ఇచ్చేసి తిరిగొస్తున్నారు. చూసి సంతోషపడటంతో ఆయన ఆగలేదు. ఒక్క రోజే ఇంత తిండి వచ్చిపడితే సగం కుళ్ళిపోతుంది, రేపటి నుంచి మళ్ళీ ఆకలే అనుకున్నారు. ఊళ్ళో స్త్రీలను కూర్చోబెట్టి వంతులు వేసి, నియమాలు రాయించారు. అదే మొదటి దయా సహవాసం. అందులో ఉన్నది పూర్తిగా గృహస్థులే.

పారిస్‌లో ఈ పద్ధతి తడబడింది. గొప్పింటి స్త్రీలు చేరారు గానీ, వాడలోకి గంజి కుండ మోయడానికి వాళ్ళ కుటుంబాలు ఒప్పుకునేవి కావు, పనివాళ్ళను పంపేవాళ్ళు. అప్పుడు మార్గరీత్ నసో అనే పల్లెటూరి పిల్ల ముందుకొచ్చింది. పశువులు కాసుకుంటూ, దారిన పోయేవాళ్ళను అడిగి అక్షరాలు నేర్చుకున్న మనిషి. ప్లేగు వచ్చిన ఒకామెను తన పడక మీదే పడుకోబెట్టుకుని, తనకూ సోకి 1633లో చనిపోయింది. ఆ ఏడాది నవంబరు 29న లూయిజ్ ద మరియాక్ అనే వితంతువు తన ఇంట్లో అలాంటి పల్లెపిల్లలను కొందరిని చేర్చుకుంది. ‘డాటర్స్ ఆఫ్ ఛారిటీ’ సభ అలా మొదలైంది.

ఇక్కడే విన్సెంట్ గారి తెలివి. మీరు మఠకన్యలా అని మేత్రాణులు అడిగితే కాదని చెప్పమని వాళ్ళకు నేర్పారు. మఠకన్యలంటే గౌరవం లేక కాదు. ఆ పేరు ఒప్పుకుంటే గోడ వస్తుంది, గోడ వస్తే పేదల సేవకు సెలవు చెప్పాల్సిందే. రోగుల ఇళ్ళే మీ మఠం, అద్దె గదే మీ కుటీరం, విచారణ గుడే మీ ప్రార్థనాలయం, ఊరి వీధులే మీ ప్రాకారం అని ఆయన చెప్పిన మాటలు ఆ సిస్టర్ల నియమాల్లోకే ఎక్కాయి. వాళ్ళు నిత్య మాటపట్టు ఇవ్వరు. ఏటా మార్చి 25 ప్రాంతంలో ఒక్క ఏడాదికే మాట ఇస్తారు. మళ్ళీ ఏడాది మళ్ళీ ఇస్తారు. బయటివాళ్ళకు సిస్టర్లలాగే కనిపించినా, శ్రీసభ చట్టం వాళ్ళను నేటికీ మఠ సభ అనదు, ‘అపోస్తలిక జీవన సంఘం’ అంటుంది. ఆ వింత పేరు వెనక ఉన్నది ఈ కథే.

ఇంకోవైపు నుంచి జరిగిన కథ కూడా ఉంది. డబ్లిన్‌లో కేథరీన్ మెకాలీ తనకు వచ్చిన వారసత్వపు డబ్బుతో 1827లో పేద ఆడపిల్లలకు, పనికోసం వచ్చిన స్త్రీలకు ఒక ఇల్లు తెరిచింది. మఠం పెట్టాలని ఆమెకు లేదు. ఇలా మఠమూ కాక, సంసారమూ కాక ఏమిటిదని ఊళ్ళో గొణుగుళ్ళు, పెద్దల ఒత్తిడి. చివరికి 1831లో ఆమె మాటపట్టు ఇచ్చింది. ‘సిస్టర్స్ ఆఫ్ మెర్సీ’ సభ అలా పుట్టింది. ఒకరు పేరు తప్పించుకుని పని కాపాడుకున్నారు. ఇంకొకరు పని కాపాడుకోవడానికే పేరు ఒప్పుకున్నారు.

వీధుల్లో తిరిగే సిస్టర్ల సభలను పోప్ లియో 13 నిజమైన మఠ సభలుగా 1900లో అంగీకరించారు. ఖచ్చితంగా మాట్లాడితే ‘నన్’ అంటే గోడల లోపల ప్రార్థనా జీవితం గడిపే ఆమె. బడిలో, ఆసుపత్రిలో, వీధిలో కనిపించే ఆమె ‘సిస్టర్’. తెలుగులో మఠకన్య అనే మాట ఇద్దరినీ కలిపేస్తుంది కాబట్టి ఈ తేడా మనకు తెలియకుండా పోతుంది.

## ఒకే పేదవాడు, వేరువేరు పిలుపులు

సిస్టర్లలో కూడా ఒక్కో సభ పిలుపు ఒక్కోలా ఉంటుంది. మదర్ తెరెసా మొదట లోరెటో సభలో టీచరు. 1946 సెప్టెంబరు 10న డార్జిలింగ్ రైల్లో తనకు ఇంకో పిలుపు వచ్చిందని ఆమె చెప్పుకున్నారు. కానీ విధేయతకు మాటిచ్చిన మనిషి సూట్‌కేసు సర్దుకుని వెళ్ళిపోలేరు. మఠం బయట ఉండటానికి రోమ్ నుంచి అనుమతి 1948లో వచ్చింది. 1950 అక్టోబరు 7న ‘మిషనరీస్ ఆఫ్ ఛారిటీ’ కలకత్తా మేత్రాసనం పరిధిలో సభగా నిలబడింది. 1965లో అది పోప్ అధికారం కిందికి వచ్చింది. వార్తల్లో మేత్రాసన సభ, పోప్ హక్కు సభ అని కనిపించే తేడా ఇదే. మొదటి రకానికి ఆ ఊరి మేత్రాణులే పెద్ద దిక్కు, రెండో రకం నేరుగా రోమ్‌కు జవాబుదారీ. ఈ సిస్టర్లకు మామూలు మూడు మాటపట్టులతోపాటు నాలుగోది ఉంది: నిరుపేదల్లో నిరుపేదలకు మనసారా, ఉచితంగా సేవ చేయడం. ‘ఉచితంగా’ అన్నది ఇక్కడ విశేషణం కాదు, ప్రమాణం.

జాన్ జుగాన్ కథ నన్ను ఎక్కువ కదిలిస్తుంది. 1839 చలికాలంలో, ఫ్రాన్స్‌లోని బ్రిటనీలో, పనిమనిషిగా బతికిన ఈమె కళ్ళు కనబడని ఒక ముసలామెను తన ఇంటికి తెచ్చుకుని, తన మంచం ఇచ్చేసి, తాను అటక మీద పడుకుంది. ఒకరు ఇద్దరయ్యారు, ఇద్దరు ఇరవై అయ్యారు. బుట్ట పట్టుకుని ఇల్లిల్లూ తిరిగి అడిగేది. ‘లిటిల్ సిస్టర్స్ ఆఫ్ ది పూర్’ సభ అలా పెరిగింది. స్థిరమైన ఆదాయం ఏదీ తీసుకోకూడదని 1865లో ఆ సభ తీర్మానించుకుంది. ఫ్రాన్సిస్ కాలపు ప్రశ్నకు వాళ్ళిచ్చిన జవాబు అది. ఇళ్ళు ఉంటాయి, రేపటికి హామీ మాత్రం ఉండదు.

ఈ కథకు చేదు భాగం ఉంది. సభను చూసే గురువు ఆమెను పక్కకు తప్పించి, స్థాపకుడు తానేనని ప్రచారం చేసుకున్నాడు. 1852లో ఆమెను ప్రధాన మఠానికి పంపేశారు. చనిపోయేదాకా 27 ఏళ్ళు అక్కడే. తమ మధ్య తిరుగుతున్న ఆ ముసలామే సభను మొదలుపెట్టిందని చిన్న సిస్టర్లకు తెలియదు. 2009లో ఆమెను పునీతురాలిగా (సెయింట్‌గా) ప్రకటించారు. ఆమె మౌనాన్ని పవిత్రమైన విధేయతగా చూసేవాళ్ళు ఉన్నారు. విధేయత పేరుతో జరిగిన అన్యాయంగా చూసేవాళ్ళూ ఉన్నారు. రెండూ నిజమేననిపిస్తుంది నాకు.

‘లిటిల్ సిస్టర్స్ ఆఫ్ జీసస్’ మరో తరహా. 1939లో అల్జీరియాలో మగ్దలేన్ మొదలుపెట్టిన సభ. వీళ్ళు ఆసుపత్రులు, బడులు నడపరు. ఫ్యాక్టరీలో, పొలంలో అందరిలాగే కూలికి వెళ్తారు, పేదవాడలోనే అద్దెకుంటారు. ఏం సేవ చేస్తున్నారని అడిగితే, పొరుగువాళ్ళుగా ఉంటున్నాం అంటారు.

## మాటపట్టు లేకుండానే

పేదల కోసం పనిచేసే కథోలికుల్లో చాలామంది మఠవాసులు కారు, గృహస్థులు. శ్రీసభ వాడుకలో గృహస్థులంటే గురువులూ మఠవాసులూ కాని సామాన్య విశ్వాసులు. వీళ్ళలో పాత సంప్రదాయం ఫ్రాన్సిస్‌ది. పెళ్ళయినవాళ్ళు, ఉద్యోగస్థులు తమ ఇళ్ళలోనే ఉంటూ ఆయన బాటన నడిచే గృహస్థ ఫ్రాన్సిస్కన్ సభకు 1978లో కొత్త నియమావళి వచ్చింది. అటూ ఇటూ కాని మధ్య రకం ఇంకొకటి ఉంది. సెక్యులర్ ఇన్‌స్టిట్యూట్లు అంటారు. పోప్ పయస్ 12 వీటిని 1947లో గుర్తించారు. బ్రహ్మచర్యంతో సహా మూడు కట్టుబాట్లూ ఉంటాయి, కానీ మఠం ఉండదు, ప్రత్యేక దుస్తులు ఉండవు. ఆఫీసులో పక్క సీటువాళ్ళకు కూడా తెలియకపోవచ్చు.

సెయింట్ విన్సెంట్ దె పాల్ సొసైటీ పేరు చాలామంది విని ఉంటారు. 1833 ఏప్రిల్ 23న పారిస్‌లో ఫ్రెడరిక్ ఓజనామ్, అతని తోటి విద్యార్థులు, వాళ్ళకంటే పెద్దవాడైన బాయీ అనే పత్రికా సంపాదకుడు కలిసి మొదలుపెట్టారు. ఆ రోజు ఓజనామ్‌కు సరిగ్గా ఇరవై ఏళ్ళు. మీ మతం ఒకప్పుడు గొప్ప పనులు చేసింది సరే, ఇప్పుడు ఏం చేస్తోందని చర్చల్లో ఎవరో నిలదీశారు. ఆ మాట గుచ్చుకుంది. కానీ పేదల దగ్గరికి ఎలా వెళ్ళాలో ఈ కుర్రాళ్ళకు తెలియదు. నేర్పింది సిస్టర్ రోజలీ రాందు. విన్సెంట్ గారి డాటర్స్ ఆఫ్ ఛారిటీలో ఒకరు, మూఫ్తార్ పేటలో ప్రతి గుమ్మం తెలిసిన మనిషి. కుటుంబాల పేర్లు, రొట్టె చీటీలు వాళ్ళ చేతిలో పెట్టింది. ఇద్దరిద్దరుగా ఇంటికి వెళ్ళి కూర్చుని మాట్లాడటం ఆ సొసైటీ పద్ధతి. నేటికీ అదే. సభ్యులు ఏ మాటపట్టూ ఇవ్వరు, సాయంత్రానికి తమ ఇళ్ళకు వెళ్ళిపోతారు.

1968లో రోమ్‌లో ఆండ్రియా రికార్డీ అనే హైస్కూలు విద్యార్థి స్నేహితులతో కలిసి మురికివాడల పిల్లలకు చదువు చెప్పడం మొదలుపెట్టాడు. అదే శాంత్ ఎజీదియో సంఘం. 1986లో రోమ్ దాన్ని గుర్తించింది. యుద్ధమే పేదరికానికి తల్లి అని నమ్మిన ఈ సంఘం మధ్యవర్తిత్వంతో మొజాంబిక్ అంతర్యుద్ధం 1992 అక్టోబరు 4న ముగిసింది.

అమెరికాలో డొరతీ డే, పీటర్ మోరిన్ 1933 మే 1న ‘కాథలిక్ వర్కర్’ పత్రికను ఒక్క సెంటు ధరకు అమ్మడంతో మొదలైన ఉద్యమం అన్నిటికంటే వదులుగా ఉంటుంది. మాటపట్టు లేదు, కేంద్ర కార్యాలయం లేదు. నిలువ నీడ లేనివాళ్ళతో కలిసి ఒకే ఇంట్లో ఉంటారు. వాళ్ళ ఇంటిని న్యూయార్క్ నగరం తీసుకుని, డబ్బు ఆలస్యంగా చెల్లించినందుకు వడ్డీ కలిపి ఇస్తే, వడ్డీ తీసుకోవడం తమకు సమ్మతం కాదని 1960లో డొరతీ డే ఆ వడ్డీని తిప్పి పంపేసింది.

కారితాస్ వీటన్నిటికీ భిన్నం. అది సంఘం కాదు, సంస్థ. 1897లో జర్మనీలో మొదలైంది. ఇప్పుడు 160కి పైగా జాతీయ కారితాస్‌ల సమాఖ్య ఉంది. జీతానికి పనిచేసే నిపుణులు, ఆడిట్లు, ప్రాజెక్టులు ఉంటాయి. 2022 నవంబరులో పోప్ ఫ్రాన్సిస్ ఆ సమాఖ్య నాయకత్వాన్ని ఒక్క ఉత్తర్వుతో తొలగించగలిగారు. కాథలిక్ వర్కర్ ఇంట్లో అలా తొలగించడానికి పదవులే లేవు.

## ఒక కుటుంబం, ఆరు తలుపులు

తేడాలన్నీ ఒకచోట చూడటానికి ఒక కుటుంబాన్ని ఊహించుకుందాం. తండ్రి ఉద్యోగం పోయింది. అద్దె బాకీ పడింది, ఎప్పుడు ఖాళీ చేయమంటారో అన్న టెన్షన్. మంచం పట్టిన నాయనమ్మ, ఇద్దరు పిల్లలు ఉన్నారు.

విన్సెంట్ సొసైటీ వాళ్ళు ఇద్దరు ఒక సాయంత్రం వస్తారు. కూర్చుంటారు, వింటారు, ఈ నెల అద్దెలో కొంత సర్దుతారు, వచ్చే వారం మళ్ళీ వస్తారు. ఆ డబ్బు వాళ్ళ సమావేశంలో చందాగా పోగైనది. డాటర్స్ ఆఫ్ ఛారిటీ సిస్టర్ ఇంటికే వచ్చి నాయనమ్మ పుండ్లు కడిగి కట్టు కడుతుంది. ఇంట్లో చూసుకోవడం ఇక కుదరదంటే లిటిల్ సిస్టర్స్ ఆఫ్ ది పూర్ ఆమెను తమ ఇంట్లో చేర్చుకుని చివరిదాకా ఉంచుకుంటారు. కారితాస్ ఆఫీసు తండ్రికి ఉద్యోగ శిక్షణ, ప్రభుత్వ సాయం దరఖాస్తు, అప్పుల సలహా ఇస్తుంది. కుటుంబం వీధిన పడితే కాథలిక్ వర్కర్ ఇంట్లో ఒక గది దొరకొచ్చు, అద్దెలు ఇలా ఎందుకు పెరిగాయని వాళ్ళ పత్రికలో వ్యాసమూ రావొచ్చు. లిటిల్ సిస్టర్స్ ఆఫ్ జీసస్ ఏమీ తెచ్చివ్వకపోవచ్చు. పక్క గదిలో అద్దెకుంటున్నది వాళ్ళే, బాకీ పడ్డదీ అదే యజమానికి.

ఎవరి పని గొప్పది అనే ప్రశ్నకు ఇక్కడ అర్థం లేదు. ఆ కుటుంబానికి బహుశా అందరూ కావాలి.

## తెగని వాదనలు

అన్నిటికంటే పాతది దయకూ న్యాయానికీ మధ్య వాదన. అన్నం పెట్టడం మంచిదే, కానీ ఆకలికి కారణమైన ఏర్పాటును వదిలేస్తే ఆ దయ అన్యాయానికి మెత్తటి పరుపు అవుతుందని ఒక పక్షం. వ్యవస్థ మారేదాకా ఈ పూట ఆకలితో ఉన్నవాడు ఆగలేడని ఇంకో పక్షం. న్యాయంగా రావలసినదాన్ని దయగా ఇవ్వకూడదని రెండో వాటికన్ మహాసభ 1965లోనే స్పష్టంగా చెప్పింది. 1968లో మెదెయిన్, 1979లో ప్యూబ్లా నగరాల్లో కూడిన లాటిన్ అమెరికా మేత్రాణులు పేదల పక్షాన నిలబడటమే శ్రీసభ దారి అన్నారు. పేదల విడుదలను విశ్వాసానికి కేంద్రంగా చూసే విమోచన వేదాంతంలోని కొన్ని ధోరణులు మార్క్స్ విశ్లేషణను మరీ దగ్గరగా తీసుకున్నాయని 1984లో రోమ్ హెచ్చరించింది. 1986లో ఇంకో పత్రంలో విమోచన అనే ఆశయాన్నే మెచ్చుకుంది. వాదన అక్కడితో ముగియలేదు.

రెండోది, ప్రేమ ఉంటే నైపుణ్యం లేకపోయినా సరిపోతుందా అన్నది. 1994లో ‘లాన్సెట్’ వైద్య పత్రికలో దాని సంపాదకుడు రాబిన్ ఫాక్స్ మదర్ తెరెసా నడిపిన కలకత్తా గృహాన్ని చూసి రాశారు. శుభ్రత, పుండ్లు కడిగే ఓపిక, ఆప్యాయత మెచ్చుకున్నారు. గట్టి నొప్పి మందులు లేవని, డాక్టర్లు ఎప్పుడో గానీ రారని, నయమయ్యే రోగినీ కానివారినీ విడదీసే పద్ధతి లేదని తప్పుపట్టారు. అది ఆసుపత్రి కాదు, రోడ్డు మీద చచ్చిపోతున్నవాళ్ళకు ఒక ఇల్లు అని సభ వైపు వాళ్ళ జవాబు. ఆ జవాబులో నిజం ఉంది. నొప్పి తగ్గించే మందు ఇల్లైనా ఆసుపత్రైనా కావాల్సిందేనన్న మాటలోనూ నిజం ఉంది.

మతం సంగతి కూడా ఎప్పుడూ వస్తుంది. సేవ వెనక మతమార్పిడి ఉద్దేశం ఉందా అని. పోప్ బెనెడిక్ట్ 16 తన 2005 లేఖలో ప్రేమ ఉచితమని, దాన్ని ఇంకో ప్రయోజనం కోసం వాడకూడదని రాశారు. అధికారిక బోధ అది. ఆ గీత ప్రతిచోటా పాటిస్తున్నారా అని అడిగే హక్కు బయటివాళ్ళకు ఉంటుంది. విశ్వాసాన్ని దాచుకుని పనిచేయమనడం కూడా సరికాదని విశ్వాసులు అంటారు.

అన్నిటికంటే బరువైనది అధికార దుర్వినియోగం. ఐర్లండ్‌లో మగ్దలేన్ లాండ్రీలను నాలుగు మఠ సభల సిస్టర్లు నడిపారు. 1922 తర్వాత దాదాపు 10 వేల మంది స్త్రీలు, ఆడపిల్లలు అక్కడ జీతం లేకుండా బట్టలుతికారని 2013 నాటి ప్రభుత్వ నివేదిక తేల్చింది. చివరిది మూతపడింది 1996లో. ప్రధాని పార్లమెంటులో క్షమాపణ చెప్పారు. ఆ సభలు పరిహార నిధికి డబ్బు ఇవ్వడానికి ఒప్పుకోలేదు. ఇందులో కుటుంబాల, ప్రభుత్వం పాత్ర కూడా ఉందన్నది నిజమే, కానీ తాళం చెవి సిస్టర్ల చేతిలోనే ఉంది. స్థాపకులను దేవుళ్ళను చేయడంలో ఉన్న ముప్పు గృహస్థ సంఘాలకూ తప్పలేదు. మానసిక వైకల్యం ఉన్నవాళ్ళతో కలిసి జీవించే లార్ష్ సంఘాలను 1964లో మొదలుపెట్టిన జాన్ వానియే స్త్రీలను లైంగికంగా వాడుకున్నాడని ఆయన పోయాక 2020లో బయటపడింది. దర్యాప్తు చేయించి బయటపెట్టింది లార్ష్ సంస్థే.

## సిస్టర్లు తగ్గిపోతుంటే

1970 ప్రాంతంలో ప్రపంచంలో సుమారు 10 లక్షల మంది సిస్టర్లు ఉండేవారు. 2022 నాటికి 6 లక్షల లోపుకు వచ్చారు. ఆఫ్రికా, ఆసియాల్లో కొత్తవాళ్ళు చేరుతున్నా, ఐరోపా, ఉత్తర అమెరికాల్లో మఠాలు మూతపడుతున్నాయి. ఒక సభలో నలుగురు ముసలి సిస్టర్లే మిగిలితే, వాళ్ళు కట్టిన ఆసుపత్రి ఎవరిదవుతుంది? కొన్ని దేశాల్లో శ్రీసభ చట్టం కింద కొత్త సంస్థలు పెట్టి, గృహస్థుల చేతికి అప్పగిస్తున్నారు. ఆస్ట్రేలియాలో సిస్టర్స్ ఆఫ్ ఛారిటీ సభ తన ఆసుపత్రులను, బడులను 2009లో మేరీ ఐకెన్‌హెడ్ మినిస్ట్రీస్ అనే సంస్థకు ఇచ్చింది. పేదల సంగతి చూడాలన్న కట్టుబాటు ఒకప్పుడు సిస్టర్ ఇచ్చిన మాటలో ఉండేది. ఇప్పుడు అది సంస్థ నిబంధనల్లో రాసి ఉంటోంది. రాతలో ఉన్నది నిలుస్తుందా అని సిస్టర్లే బెంగపడుతున్నారు. నిలబెట్టుకోగలమని గృహస్థులు అంటున్నారు.

డాటర్స్ ఆఫ్ ఛారిటీ సిస్టర్లు ఇప్పుడు ప్రపంచం మొత్తం మీద 15 వేల లోపే. వాళ్ళలో ఒకామె 1833లో రొట్టె చీటీలు చేతిలో పెట్టి గుమ్మాలు చూపించిన విద్యార్థుల సొసైటీలో సుమారు 8 లక్షల మంది సభ్యులున్నారు.